అమెరికా బయ్యర్ పంపిన సెక్యూరిటీ ఒప్పందం: సంతకం పెట్టే ముందు చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీ చూసుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చిత్తూరు దగ్గర మీది చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఇన్నాళ్లూ సరుకు చెన్నైలోని ఎక్స్‌పోర్టర్‌కు అమ్మేవారు. ఈ సీజన్‌కు మొదటిసారి అమెరికా బయ్యర్‌తో నేరుగా బేరం కుదిరింది. ధర, బ్రిక్స్ (గుజ్జులో తీపి కొలత), డెలివరీ అన్నీ తేలాక ఆయన పద్నాలుగు పేజీల సప్లై చెయిన్ సెక్యూరిటీ ఒప్పందం, దాంతో ఒక ప్రశ్నపత్రం పంపాడు. సీటీప్యాట్ (అమెరికా కస్టమ్స్ భద్రతా పథకం) సర్టిఫికెట్ మనకు ఎవరిస్తారు, ఎఫ్ఓబీ (ఓడ ఎక్కించేదాకే అమ్మినవాడి బాధ్యత) అమ్మకం కదా ఓడ ఎక్కాక మనకేం సంబంధం, ఇదంతా చేయాలంటే ఇరవై లక్షలు కావాలని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు నిజమేనా? ఇవీ మీ మూడు ప్రశ్నలు.

నేను ఈ జిల్లాలోనే పల్ప్ ఫ్యాక్టరీల డిస్పాచ్, ఎక్స్‌పోర్ట్ పేపర్ల పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. ముందుగా ఒక మాట. ఆ కాగితం చూసి టెన్షన్ పడకండి. అలాగని చదవకుండా సంతకం పెట్టి స్కాన్ చేసి పంపేయకండి. రెండోది మొదటిదానికంటే ప్రమాదం.

సర్టిఫికెట్ సంగతి ముందు తేల్చేద్దాం. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అదే ఏడాది నవంబర్‌లో అమెరికా కస్టమ్స్ వాళ్లు సీటీప్యాట్ అనే పథకం మొదలుపెట్టారు. అందులో చేరడం స్వచ్ఛందం. అక్కడి దిగుమతిదారులు, షిప్పింగ్ లైన్లు, కస్టమ్స్ బ్రోకర్లు లాంటివాళ్లు చేరతారు. బయటి దేశాల తయారీదారుల్లో మెక్సికో, కెనడా వాళ్లకే నేరుగా సభ్యత్వం ఉంది. మన ఫ్యాక్టరీకి అది రాదు. కాబట్టి ‘మీకు సీటీప్యాట్ సర్టిఫికెట్ ఇప్పిస్తాను’ అని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే ఆపేయండి. మీ బయ్యర్ సభ్యుడు. తాను సరుకు కొనే చోట కూడా భద్రత ఉందని ఆయన తన కస్టమ్స్‌కు చూపించాలి. అందుకే ఆ షరతులు కాగితం రూపంలో మీ దాకా వచ్చాయి. అమెరికా అధికారులు ఆయన్ని తనిఖీ చేసేటప్పుడు మీ గేటు దాకా కూడా రావచ్చు. ఒప్పందంలో ‘ఆడిట్’ అన్న క్లాజు ఉన్నది అందుకే.

మనకంటూ ఉన్నది మన కస్టమ్స్ ఇచ్చే ఏఈఓ గుర్తింపు, అంటే నమ్మదగిన వ్యాపారి అన్న ముద్ర. ప్రపంచ కస్టమ్స్ సంస్థ 2005లో ‘సేఫ్’ అనే ప్రమాణాల చట్రం తెచ్చింది. దాని ఆధారంగా మన దగ్గర 2011లో ఈ పథకం మొదలై, 2016లో టీ1, టీ2, టీ3 అని మూడు అంచెలైంది. టీ1 కాగితాల పరిశీలనతో వస్తుంది. టీ2 కావాలంటే అధికారులు ఫ్యాక్టరీకి వచ్చి భద్రత చూస్తారు. 2021లో అమెరికా, భారత కస్టమ్స్ ఒకరి గుర్తింపును ఒకరు ఒప్పుకునే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందుకని టీ2 చేతిలో ఉంటే బయ్యర్ ప్రశ్నపత్రంలో సగం ప్రశ్నలకు అదే జవాబు. దరఖాస్తుకు ఫీజు లేదు, ఆన్‌లైన్లోనే పెట్టుకోవచ్చు. అయితే ఈ సీజన్‌కు దాని కోసం ఆగొద్దు. ముందు పని సరిగ్గా నడిస్తే, ఏడాది తిరిగాక ఆ రికార్డుతోనే దరఖాస్తు బలంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ పద్నాలుగు పేజీలూ తిప్పితిప్పి అడిగేది ఒకటే. ఖాళీ కంటైనర్ మీ గేటు లోపలికి వచ్చిన నిమిషం నుంచి, హార్బర్ టెర్మినల్ గేటు దాటే నిమిషం వరకు, ఏ గంటలో అది ఎవరి చేతిలో ఉంది? దానికి రుజువేంటి? ఆ వరుసలో ఎక్కడా ఖాళీ లేకుండా చూపించగలిగితే మీరు ఈ ఒప్పందం నిలబెట్టుకున్నట్టే. కెమెరాలు, ముళ్ల కంచెలు అన్నీ ఆ ప్రశ్నకు సాయం చేసేవి మాత్రమే.

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన పని ఖాళీ కంటైనర్ తనిఖీ. మన దగ్గర అందరూ అశ్రద్ధ చేసేది కూడా దీన్నే. జూన్, జూలైలో తోతాపురి ముంచుకొస్తుంది, ఫ్యాక్టరీ ముందు కాయ ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడతాయి, లోపల మెషిన్ ఆగకూడదు. ఆ హడావిడిలో ట్రైలర్ రాగానే తలుపు తెరిచి, చీపురుతో ఒకసారి ఊడ్చి, డ్రమ్ములు దొర్లించేస్తారు. అలా చేయకండి. చూడాల్సిన చోట్లు ఏడు: ముందు గోడ, ఎడమ గోడ, కుడి గోడ, నేల, పైకప్పు, తలుపులు లోపలా బయటా, కంటైనర్ కింది భాగం. పావుగంట పని.

మేము ఎలా చేస్తామో చెబుతాను. ఒక మనిషి టార్చి, టేపు, చిన్న కర్ర పట్టుకుని లోపలికి వెళ్తాడు. బయట ఇద్దరు తలుపులు పూర్తిగా మూస్తారు. లోపల టార్చి ఆర్పేస్తాడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఒక నిమిషం కదలకుండా నిలబడాలి. జూన్ ఎండలో ఆ రేకు డబ్బాలో ఒక నిమిషం అంటే ఒళ్లంతా చెమట కారిపోతుంది, అయినా నిలబడాలి. ఎక్కడైనా సూది మొనంత వెలుగు కనబడితే అక్కడ చిల్లి ఉన్నట్టే. వాన నీరు, పురుగు అక్కడి నుంచే వస్తాయి. తర్వాత టార్చి వేసి ముందు గోడ నుంచి తలుపు వరకు టేపు పెడతాడు. ఇరవై అడుగుల కంటైనర్ లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, అంటే పందొమ్మిది అడుగుల నాలుగు అంగుళాల దరిదాపు. జానెడు తగ్గినా గోడ వెనక ఇంకో గోడ ఉందేమో అనుమానించాలి. దొంగ సరుకు దాచేవాళ్లు వాడే పాత పద్ధతి అది. కర్రతో గోడల మీద కొడుతూ పోతే మోత ఒకేలా ఉండాలి. ఒక్కచోట బొదబొదమని వినిపిస్తే అక్కడ ఆగి చూడాలి.

తలుపుల దగ్గర ఇంకా జాగ్రత్త. హ్యాండిల్‌ను పట్టి ఉంచే రివెట్లు, బోల్టులు చూడండి. మిగతా తలుపంతా తుప్పు పట్టి, ఆ ఒక్క బోల్టు దగ్గరే కొత్త పెయింట్ ఉంటే ఆ కంటైనర్ వెనక్కి పంపేయండి. సీల్ ముట్టుకోకుండా ఆ బోల్టు ఊడదీసి తలుపు తీయవచ్చు. సీల్ పగలదు, నంబరు మారదు, సరుకు మాత్రం మారుతుంది. వెనక్కి పంపితే ఇంకో కంటైనర్‌కు ఒక రోజు పోతుంది. నేను అలా రెండుసార్లు పంపించాను, ఓనర్ చేత మాటలు పడ్డాను. ఇప్పుడైనా అదే చేస్తాను.

నేల మీద మట్టి, పాత గింజలు, గడ్డి, చీమల పుట్ట, నత్తలు ఉంటే అది కూడా భద్రతా లోపమే. గత కొన్నేళ్లుగా సీటీప్యాట్ షరతుల్లో పంట తెగుళ్లు, పురుగులు మోసుకుపోకుండా చూడడం కూడా చేరింది. డ్రమ్ముల కింద చెక్క పాలెట్లు వేస్తే వాటి మీద ఐపీపీసీ ముద్ర (చెక్కలో పురుగు లేకుండా చికిత్స చేసినట్టు అంతర్జాతీయ గుర్తు) ఉండాలి. ఆ ముద్రలో హెచ్‌టీ అని ఉంటే చెక్కను నడిమి దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచినట్టు గుర్తు. మూలన పడి ఉన్న ముద్ర లేని చెక్కముక్కను ‘అడ్డుకు పనికొస్తుంది’ అని డ్రమ్ముల మధ్య కొట్టేస్తారు మన మేస్త్రీలు. ఆ ఒక్క ముక్కతో కంటైనర్ మొత్తం అక్కడ ఆగిపోవచ్చు. ఈ విషయం మేస్త్రీకి మీరే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, నోటీసు బోర్డు మీద అంటిస్తే సరిపోదు.

ఇక సీల్. బయ్యర్ అడిగేది సీల్స్ అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17712 ప్రకారం హై సెక్యూరిటీ బోల్ట్ సీల్. దాని మీద ఇంగ్లీషు హెచ్ అక్షరం అచ్చు వేసి ఉంటుంది. అమ్మిన వాడి దగ్గర టెస్ట్ సర్టిఫికెట్ అడిగి ఫైల్లో పెట్టుకోండి. ఫ్యాక్టరీలో సొంతంగా సీల్ వేసుకునే ఎగుమతిదారులకు మన కస్టమ్స్ 2017 నుంచి ఆర్‌ఎఫ్ఐడీ ఈ-సీల్ (రేడియో చిప్ ఉన్న సీల్) పెట్టింది కదా, అది కూడా ఈ ప్రమాణానికే ఉండాలి. దీని పైన షిప్పింగ్ లైన్ ఇచ్చే సీల్ ఇంకొకటి పడుతుంది. అంటే తలుపు మీద రెండు నంబర్లు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. షిప్పింగ్ లైన్ ఇచ్చే సరుకు రసీదు బీఎల్‌లో లైన్ సీల్ నంబర్ పడుతుంది, మీ ప్యాకింగ్ లిస్టులో ఈ-సీల్ నంబర్ రాస్తారు, అక్కడ చూసేవాడికి రెండూ కలవవు. రెండు నంబర్లూ, ఏది ఏ సీల్‌దో, అన్ని కాగితాల్లో ఒకేలా రాయండి.

దీని వల్ల నేను తిన్న దెబ్బ చెబుతాను. చాలా ఏళ్ల కిందట సీల్ వేశాక నంబరు ఫోన్లో చదివి చెన్నై ఆఫీసు కుర్రాడికి చెప్పాను. మధ్యలో లైను సరిగా లేదు. నేను తెలుగులో ‘ఏడు’ అన్నాను, ఆ అబ్బాయికి తమిళంలో ‘ఎట్టు’ అన్నట్టు వినిపించింది. ఏడు కాస్తా ఎనిమిది అయింది. కాగితాలన్నీ ఆ నంబరుతోనే పోయాయి. అవతలి హార్బర్‌లో తలుపు మీద ఒక నంబరు, కాగితంలో ఒక నంబరు. కంటైనర్ పక్కన పెట్టి, తెరిచి, ఎనభై డ్రమ్ములూ దించి చూశారు. సరుకులో ఏ లోపమూ లేదు. కానీ తనిఖీ ఖర్చు, డెమరేజ్ (హార్బర్‌లో ఆలస్యానికి పడే రుసుము) అన్నీ మా బిల్లులోంచి కోసుకున్నారు. పైగా ఆ బయ్యర్ తర్వాత రెండేళ్లు మా ప్రతి కంటైనర్‌నూ అనుమానంగానే చూశాడు. అప్పటి నుంచి సీల్ నంబరు నోటితో చెప్పడం మానేశాం. సీల్ దగ్గరగా ఒక ఫోటో, కంటైనర్ నంబరుతో కలిపి తలుపు మొత్తం ఒక ఫోటో తీసి పంపుతాం. ఆ ఫోటో చూసి టైప్ చేసినవాడు ఒకడు, సరిచూసేవాడు ఇంకొకడు.

సీల్ వేశాక నాలుగు పనులు అలవాటు చేయండి. కళ్లతో చూడాలి, నంబరు కాగితంతో పోల్చాలి, గట్టిగా కిందికి లాగాలి, తిప్పి చూడాలి. బోల్టు సరిగా కూర్చోకపోతే లాగినప్పుడు ఊడొస్తుంది. వాడని సీల్స్ ఎక్కడున్నాయన్నది ఆడిటర్ తప్పకుండా అడిగే ప్రశ్న. చాలా ఫ్యాక్టరీల్లో వాచ్‌మన్ టేబుల్ సొరుగులో పడి ఉంటాయి. తాళం వేసే బీరువాలో పెట్టండి, తాళం ఇద్దరి దగ్గరే ఉండాలి. రిజిస్టర్లో ఏ నంబరు ఏ తేదీన ఏ కంటైనర్‌కు వెళ్లిందో, పాడైపోయిన సీల్ ఏమైందో రాయాలి. మూడు నెలలకోసారి మీరే లెక్కబెట్టి సంతకం పెట్టండి. దీనికయ్యే ఖర్చు ఒక నోటుబుక్కు, ఒక తాళం.

కాటా చీటీని కూడా చిన్నచూపు చూడొద్దు. 2016 జూలై 1 నుంచి ప్యాక్ చేసిన కంటైనర్ బరువు ధ్రువీకరించి ఇవ్వకుండా ఓడ ఎక్కించరు. మన తోతాపురి పల్ప్ డ్రమ్ము నికరం 215 కిలోలు, ఇరవై అడుగుల కంటైనర్‌కు ఎనభై డ్రమ్ములు, అంటే 17.2 టన్నుల సరుకు. ఖాళీ డ్రమ్ము, బ్యాగు, పాలెట్ బరువు మీకు ముందే తెలుసు. కాటాలో వచ్చిన అంకె మీ లెక్కకు దగ్గరగా ఉందా అని బండి గేటు దాటే ముందే చూడండి. తేడా ఎక్కువుంటే అప్పుడే కారణం వెతకొచ్చు. రేపు ఎవరైనా దారిలో ఏదో కలిసింది, ఏదో పోయింది అంటే మీ చేతిలో ఉండే రుజువుల్లో అది ఒకటి.

చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా చెన్నైకి నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. బండి సాయంత్రం బయలుదేరితే రాత్రికి చేరాలి. హార్బర్ దగ్గర ట్రైలర్ల క్యూలో గంటలు గడిచిపోవడం వేరే సంగతి, అది అందరికీ తెలిసిందే. కానీ డ్రైవర్ దారిలో ఇంటికి వెళ్లి పడుకుని పొద్దున్నే బయలుదేరితే, ఆ రాత్రి కంటైనర్ ఎవరి చేతిలో ఉన్నట్టు? రవాణా కాంట్రాక్టర్‌తో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. జీపీఎస్ ఉన్న బండే పంపాలి, ఆగే చోట్లు ముందే చెప్పాలి, అనుకోకుండా ఆగితే వెంటనే ఫోన్ చేయాలి, డ్రైవర్ లైసెన్స్ కాపీ బండితో పాటే ఇవ్వాలి. టెర్మినల్ గేట్‌లోకి వెళ్లిన టైము చీటీ మీ ఫైల్లోకి రావాలి. అప్పుడే వరుస పూర్తవుతుంది.

ఎఫ్ఓబీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. ఎఫ్ఓబీ అంటే సరుకు ఓడ మీదికి చేరేదాకా రిస్కు మీదే. అంటే టెర్మినల్ యార్డులో కంటైనర్ మీ కంటికి కనబడకుండా పడి ఉన్న రోజులు కూడా మీ ఖాతాలోనే. కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ అనే అమ్మకం పద్ధతి మేలు. అందులో బయ్యర్ పెట్టుకున్న రవాణాదారుకు, అనుకున్న చోట అప్పగించడంతో మీ రిస్కు తీరుతుంది. ఈ అమ్మకం పద్ధతులకు అంతర్జాతీయ నియమాలైన 2020 ఇంకోటర్మ్స్‌లో రవాణా భద్రతకు సంబంధించిన బాధ్యతలు ఎవరివో కూడా విడిగా రాశారు. సరుకు అప్పగించేదాకా ఆ నియమాలు పాటించాల్సింది అమ్మినవాడే. కాబట్టి మీరు ఏ పద్ధతిలో అమ్మినా ఫ్యాక్టరీలో స్టఫింగ్ (కంటైనర్ నింపడం), సీల్ వరకు తప్పించుకునే దారి లేదు. తప్పించుకోవాలని చూడకూడదు కూడా, ఎందుకంటే ఆ డబ్బాలోకి ఏం వెళ్తుందో కళ్లారా చూసే అవకాశం ఉన్నది మీకొక్కరికే.

ఇంకో బాధ్యత చాలామందికి తెలియదు, అది సమాచారం టైముకు ఇవ్వడం. అమెరికాకు ఓడలో వెళ్లే సరుకుకు, ఇక్కడ ఓడ ఎక్కించడానికి 24 గంటల ముందే అక్కడి దిగుమతిదారు కొన్ని వివరాలు కస్టమ్స్‌కు దాఖలు చేయాలి. తయారీదారు పేరు, చిరునామా ఇలాంటివి. కంటైనర్ ఎక్కడ నింపారు, ఎవరు నింపారు అన్న రెండూ వీలైనంత ముందే ఇవ్వాలి, ఆఖరి గడువు ఓడ అక్కడి హార్బర్‌కు చేరడానికి 24 గంటల ముందు. ఆలస్యమైనా, తప్పు ఉన్నా ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా ఆయన మీద పడుతుంది. ఆ వివరాలు ఉండేది మీ దగ్గర. ఫ్యాక్టరీ చిరునామా బదులు చెన్నై ఆఫీసు చిరునామా ఇవ్వడం మన వాళ్లు తరచూ చేసే తప్పు. నింపింది బంగారుపాళ్యం దగ్గరైతే ఆ చిరునామానే ఇవ్వాలి. స్టఫింగ్ తేదీ ఖరారైన రోజే ఒక మెయిల్ కొట్టేయండి.

మనుషుల గురించి. సీజన్‌లో కాంట్రాక్టర్ ద్వారా వచ్చే కూలీలు రోజుకొకరు మారతారు. అందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించడం కుదరదు. మీ ఒప్పందం ‘సంబంధిత ఉద్యోగులకు’ అంటుంది, ఆ మాటను సరిగ్గా చదవండి. లోడింగ్ బే, అసెప్టిక్ ఫిల్లింగ్ గది (క్రిములు చేరకుండా గుజ్జు నింపే గది), సీల్ బీరువా, కంప్యూటర్ రూము, ఈ నాలుగు చోట్లకు వెళ్లే మనుషులు ఎవరో పేర్లతో జాబితా రాయండి. వాళ్లకు గుర్తింపు కార్డు, ఆధార్ కాపీ, పాత పని వివరాలు ఉంటే చాలు. మిగతావాళ్లు ఆ చోట్లకు రాకూడదు, అంతే. లోడింగ్ రోజు ఎవరెవరు పనిచేశారో పేర్ల కాగితం కంటైనర్ ఫైల్లో పెట్టండి. బాల కార్మికులు, బలవంతపు పని లేదని రాసివ్వాల్సిన పేజీ కూడా ఉంటుంది. కాంట్రాక్టర్ ఎవరిని తెస్తున్నాడో మీరు స్వయంగా చూడకుండా ఆ పేజీ మీద సంతకం పెట్టకండి. అది చట్టం కోసమే కాదు, మన ఊళ్ల పిల్లల కోసం.

కంప్యూటర్ సంగతి కొద్దిగా చెబుతాను. ఆఫీసులో ఒకే మెయిల్ ఐడీ, ఒకే పాస్‌వర్డ్ నలుగురికీ తెలిసి ఉంటుంది. మీ మెయిల్‌లోకి దూరినవాడు బయ్యర్‌కు ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని రాస్తే డబ్బు వాడికి పోతుంది. ఈ మోసం చాలా చోట్ల జరిగింది. ఖాతా వివరాలు మారితే ఫోన్ చేసి మాట్లాడకుండా నమ్మొద్దని బయ్యర్‌కు ముందే రాసిపెట్టండి. ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వండి, పని మానేసిన వాడి లాగిన్ అదే రోజు తీసేయండి.

ఇరవై లక్షల మాట. గోడ కూలి ఉంటే కట్టండి, గేటు దగ్గర, లోడింగ్ బే దగ్గర కెమెరాలు పెట్టి రికార్డింగ్ కనీసం నెల రోజులు ఉండేలా చూడండి. లోడింగ్ చోట రాత్రి లైటు బాగుండాలి. మీలాంటి ఫ్యాక్టరీకి ఇవి లక్షల్లో రెండో మూడో దాటవని నా అనుభవం. మీ కాంపౌండు ఎంతుందో నేను చూడలేదు కాబట్టి ఖచ్చితమైన అంకె చెప్పను. కన్సల్టెంట్ ఇచ్చే లావుపాటి మాన్యువల్ మాత్రం కొనొద్దు. ఒకచోట ఆడిట్ రోజు నేనే చూశాను, ఆ మాన్యువల్ నాలుగో అధ్యాయంలో వేరే ఊరి బట్టల మిల్లు పేరుంది. దాని తర్వాత ఆడిటర్ ఆ ఫ్యాక్టరీ చూపించిన ఏ కాగితాన్నీ నమ్మలేదు. మీ పద్ధతి మీరే తెలుగులో నాలుగు పేజీలు రాసుకోండి, మీ వాచ్‌మన్ చదివి అర్థం చేసుకునేలా. తర్వాత ఇంగ్లీషు చేయించండి.

ప్రశ్నపత్రంలో అన్నిటికీ ‘అవును’ టిక్కు పెట్టకండి. లేనిదాన్ని ‘లేదు, ఫలానా తేదీకి పెడతాం’ అని రాయండి. ఇలాంటి జవాబు వల్ల ఆర్డర్ పోయిన సందర్భం నేను చూడలేదు. అబద్ధపు టిక్కు వల్ల పోయినవి చూశాను.

ఒప్పందంలో రెండు క్లాజుల మీద మాత్రం పట్టుబట్టండి. మొదటిది నష్టపరిహారం. ఏ కారణంతో నష్టం జరిగినా మొత్తం సప్లయర్ భరించాలి అని ఉంటే, ‘సరుకు రవాణాదారుకు అప్పగించే వరకు, మా నిర్లక్ష్యం రుజువైన మేరకు, ఆ కంటైనర్ ఇన్‌వాయిస్ విలువకు మించకుండా’ అని మార్చమని అడగండి. రెండోది ‘ఎప్పటికప్పుడు మారే నిబంధనలన్నీ పాటిస్తాం’ అన్న వాక్యం. మార్పు వచ్చినప్పుడు రాతపూర్వకంగా మీకు తెలియజేసి, అమలుకు గడువు ఇవ్వాలని చేర్పించండి. సీల్ తెగినా, అనుమానం వచ్చినా 24 గంటల్లో చెప్పాలన్న క్లాజు ఉంటే దాన్ని అలాగే ఒప్పుకోండి, అది న్యాయమైనదే. ఆ ఫోన్ ఎవరు చేయాలో, ఏ నంబరుకు చేయాలో ఇప్పుడే రాసి గేటు దగ్గర పెట్టండి.

సంతకం పెట్టే ముందు ఎక్స్‌పోర్ట్ పేపర్లు తెలిసిన వకీలుకు ఒకసారి చూపించండి. ఆ రెండు క్లాజుల మార్పు అడుగుతూ మెయిల్ ఈ వారంలోనే పంపండి, కాయ మొదలయ్యాక మీకు తీరిక ఉండదు. జవాబు వచ్చేలోపు ఒక పని చేయండి. లోకల్ సరుకు లోడ్ చేసే ఏదో ఒక కంటైనర్ మీద ఏడు చోట్ల తనిఖీ, ఫోటోలు, రిజిస్టర్ అన్నీ మీ మనుషుల చేత ఒకసారి చేయించి చూడండి. ఎక్కడ తడబడ్డారో ఇక్కడ రాస్తే, మేము ఆ ఇబ్బంది ఎలా దాటామో చెబుతాను.